మా ఇంట్లో నెట్ పంపకాలు

మాది పర్లాకిమిడి. దుకాణాల బోర్డులు ఒరియాలో ఉంటాయి, బేరాలు సగం తెలుగులో నడుస్తాయి. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. నేను పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. టెక్కలి, శ్రీకాకుళం ఫోటోగ్రాఫర్లు ఫోటోలు పంపితే మేడ మీద గదిలో కూర్చుని కరిజ్మా షీట్లు, అంటే ఆల్బమ్ పేజీలు, తయారుచేసి విశాఖపట్నంలో ల్యాబ్‌కి పంపిస్తాను. ఒక్కో ఆల్బమ్ రెండు మూడు జీబీలు. కాబట్టి నాకు నెట్ అంటే ముఖ్యంగా అప్‌లోడే.

అక్క కొడుకు ఇంజనీరింగ్ చదువుకుంటూ మా ఇంట్లోనే ఉంటున్నాడు. ఒకరోజు ఎవరో సీనియర్ దగ్గర పాత పీఎస్4, అంటే టీవీకి పెట్టి ఆడుకునే గేమ్ పెట్టె, కొనుక్కొచ్చి కింద హాల్లో టీవీకి తగిలించాడు. "మావయ్యా, దీనికి కొంచెం నెట్ ఇవ్వవా?" అన్నాడు. పక్కింటికెళ్ళి కొంచెం మజ్జిగ అడిగినట్టు.

అంతకుముందు ఫోన్ హాట్‌స్పాట్‌తో ప్రయత్నించాడు. మా వీధిలో ఫోన్ ఒకసారి ఒడిశా టవర్ పట్టుకుంటుంది, ఇంకోసారి నది అవతలి ఆంధ్రా టవర్ పట్టుకుంటుంది. ఆట మధ్యలో రాష్ట్రం మారితే ఇంకేం ఆడతాడు!

అప్పటికి ఇంట్లో వైఫై లేదు. కేబుల్ వాళ్ళు పెట్టిన ఫైబర్ డబ్బాకి నెట్ వైరు గుచ్చే ల్యాన్ పోర్టు ఉన్నది ఒక్కటే. దాన్నుంచి వైరు సరాసరి నా కంప్యూటర్‌కి. అందులో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కనెక్ట్ అవ్వాలి, పీపీపీఓఈ అంటారు. కంప్యూటర్ షాపాయన "ఐదు పోర్టుల స్విచ్ పెట్టుకోండి, అయిపోతుంది" అన్నాడు. కొన్నాను. ఏమీ అవ్వలేదు. స్విచ్ పోర్టుల్ని పంచుతుంది గానీ లాగిన్‌ని పంచదు. మాకున్నది ఒకే లాగిన్. పోనీ నేను పని ఆపినప్పుడు వాడు ఆడుకుంటాడని వైరు పీకి పీఎస్4కే పెట్టాం. దాంట్లోనూ పీపీపీఓఈ వివరాలు కొట్టే చోటుంది. పాస్‌వర్డ్ నేను ఎప్పుడో డైరీ వెనక అట్ట మీద రాసుకున్నదే. అయినా ఎర్రర్. ఎందుకో అప్పుడు తెలియలేదు.

ఇక మిగిలింది కంప్యూటర్‌నే మధ్యవర్తిగా పెట్టడం. యూఎస్‌బీకి పెట్టే ల్యాన్ అడాప్టర్ ఒకటి కొన్నాను. విండోస్‌లో బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ ప్రాపర్టీస్‌లో షేరింగ్ అని ఒక ట్యాబ్ ఉంటుంది. అక్కడ టిక్ పెట్టి, ఏ అడాప్టర్‌కి పంచాలో చూపిస్తే చాలు. ఆ అడాప్టర్‌కి 192.168.137.1 అనే అడ్రస్ వస్తుంది, అవతలి పెట్టెకి అదే వరసలో ఇంకోటి. మెట్ల మీదుగా ఇరవై మీటర్ల వైరు కిందకి లాగాం. పీఎస్4 వెలిగింది, ఆట దిగింది, మావాడు ఆ రాత్రి అన్నం కూడా ప్లేటులో పెట్టుకుని టీవీ ముందే తిన్నాడు.

కానీ అది కాపురం కాదు, ఖైదు. వాడు ఆడాలంటే నా కంప్యూటర్ ఆన్‌లో ఉండాలి. ఫోటోషాప్ బిగుసుకుపోయి నేను రీస్టార్ట్ కొడితే కిందనుంచి కేక: "ఏటి మావయ్యా, గెలిచే టైముకి!" రీస్టార్ట్ అయ్యాక షేరింగ్ టిక్ ఉన్నట్టే కనిపిస్తుంది, పని మాత్రం చెయ్యదు. టిక్ తీసి, మళ్ళీ పెట్టాలి. కరెంటు పోయినప్పుడల్లా ఇదే తంతు. రెండు నెలలు భరించి రౌటర్ కొన్నాను.

రౌటర్‌లో అదే యూజర్‌నేమ్, అదే పాస్‌వర్డ్ కొట్టాను. మళ్ళీ అదే ఎర్రర్. నెట్ ఆఫీసుకి వెళ్ళాను. అక్కడి కుర్రాడు నా ముక్కల ఒరియా విని నవ్వి తెలుగులోకి వచ్చాడు. "భాయినా, మీ కనెక్షన్ మ్యాక్ లాక్ ఉంది. మ్యాక్ అంటే ఒక్కో పెట్టెకి ఉండే గుర్తింపు నంబరు. మీ కంప్యూటర్ తప్ప వేరే పెట్టెని సిస్టమ్ రానివ్వదు." పీఎస్4ని ఎందుకు గెంటేసిందో అప్పుడు తెలిసింది. లాక్ తియ్యమంటే సార్ వచ్చాక అన్నాడు. ఆ సార్ మూడు రోజులైనా రాలేదు. ఈలోగా రౌటర్ సెట్టింగుల్లో మ్యాక్ క్లోన్ అని కనిపించింది. కంప్యూటర్ మ్యాక్ నంబరునే రౌటర్ వేసుకుని వెళ్తుందన్నమాట, అన్న బస్ పాస్‌తో తమ్ముడు ఎక్కినట్టు. బటన్ నొక్కాను, నిమిషంలో నెట్ వచ్చింది. నా కనెక్షన్‌కి నా రౌటరే, ఇందులో నాకేం తప్పు కనిపించలేదు.

మావాడి పీఎస్4 తొలి మోడల్ కాబట్టి దానికి నెమ్మదిగా ఉండే 2.4 గిగాహెర్ట్జ్ వైఫై తప్ప వేగంగా ఉండే 5 పట్టదు. పైగా మధ్యలో స్లాబు. అందుకే మెట్ల మీద వైరు అలాగే ఉంచాం.

ఇంతటితో అయిపోయిందనుకున్నాను. వారం తిరక్కుండా ఇంకో ఫిర్యాదు. ఆట నడుస్తోంది గానీ ఒక స్నేహితుడి మాట వినపడదు, ఇంకొకడి గదిలోకి చేరలేడు. పీఎస్4లో నెట్ టెస్ట్ పెడితే చివర ఎన్ఏటీ టైప్ 3 అని వచ్చింది. బయటి ఆటగాళ్ళు మన పెట్టెని చేరడం ఎంత కష్టమో చెప్పే అంకె అది. టైప్ 2 ఉంటే ఇబ్బంది ఉండదట. ఆటకి కావాల్సిన దారుల్ని రౌటర్ తనంతట తానే తెరిచే యూపీఎన్‌పీ ఆన్ చేశాను, ఆ దారుల్ని, అంటే పోర్టుల్ని, నా చేత్తోనూ తెరిచాను, ఒక ఆదివారమంతా పోయింది. తెరవాల్సిన తలుపు మా ఇంట్లో లేదు.

రౌటర్ స్టేటస్ పేజీలో మాకిచ్చిన అడ్రస్ 100.80తో మొదలైంది. ఇంటర్నెట్‌కి కనిపించే అడ్రస్ మాత్రం వేరే. పాతరకం ఐపీ అడ్రస్‌లు ప్రపంచం మొత్తానికి సుమారు 429 కోట్లే. మన ఆసియా వైపు కోటా 2011 ఏప్రిల్‌కే అడుగంటింది. అందుకని నెట్ కంపెనీలు ఎన్నో ఇళ్ళని కలిపి ఒకే అడ్రస్ వెనక పెడతాయి. లోపల వాడుకోవడానికి 100.64 నుంచి 100.127 వరకు ఉన్న వరసని 2012లో విడిగా కేటాయించారు. వీధి మొత్తానికి ఒకే డోర్ నంబరు ఉంటే, మనం బయటికి రాసిన ఉత్తరానికి జవాబు వస్తుంది గానీ కొత్తవాడు మనల్ని వెతుక్కుంటూ రాలేడు. మావాడి స్నేహితుల గొంతులు ఆ గుమ్మం దగ్గరే ఆగిపోతున్నాయి.

మళ్ళీ ఆఫీసుకి వెళ్ళాను. నెలకి కొంత అదనంగా కడితే సొంత అడ్రస్ ఇస్తామన్నారు. ఆ అదనం మావాడే పాకెట్ మనీలోంచి ఇస్తానన్నాడు. మూడు నెలలు ఇచ్చాడు కూడా. టైప్ 2 వచ్చింది.

అసలు యుద్ధం మాఘమాసంలో. ముహూర్తాలు మొదలయ్యాయి, నాకు రోజుకో ఆల్బమ్. నేను అప్‌లోడ్ పెట్టగానే కింద ఆట ముద్దగా అయిపోయేది. వాడు అప్‌డేట్ పెడితే నా పేజీ తెరుచుకోదు. ఒక అప్‌డేట్ నలభై జీబీ. మా 30 ఎంబీపీఎస్‌లో నిండుగా లాగినా మూడు గంటలు. ఇద్దరం స్పీడు పెంచాలనే అనుకున్నాం. కానీ ఆటకి నిజానికి పట్టే డేటా చాలా తక్కువ, దానికి కావాల్సింది ఆలస్యం లేకపోవడం. నా ఫైళ్ళు అప్‌లోడ్ దారంతా నింపేసి క్యూ కడితే, వాడు నొక్కిన బటన్ ఆ క్యూలో వెనక నిలబడుతోంది. రౌటర్‌లో బ్యాండ్‌విడ్త్ కంట్రోల్ తెరిచి, నా కంప్యూటర్ అప్‌లోడ్‌ని ఉన్నదాంట్లో ముప్పాతికకి కట్టేశాను. వాడి అప్‌డేట్లు రాత్రి పీఎస్4 నిద్రలో ఉండే రెస్ట్ మోడ్‌లో దిగేలా పెట్టించాను. నా ఆల్బమ్ వెళ్ళడానికి ఇప్పుడు కొన్ని నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే.

మొన్న సాయంత్రం ఒక పెళ్ళి, ఒక రిసెప్షన్ కలిపి పంపిస్తున్నాను. కిందనుంచి అరిచాడు. "మావయ్యా, నీ అప్‌లోడ్ ఎప్పుడు పెడతావో చెప్పు, ఈ మ్యాచ్ అయ్యాక పెట్టు."

అప్పటికి సగం పైగా వెళ్ళిపోయింది. సరే అన్నాను.