రాయి మీద పేరు, ఊళ్లో మీసం

పోయిన శీతాకాలం మొదటిసారి ఢిల్లీ వెళ్లి నేషనల్ వార్ మెమోరియల్ చూశాను. పదిహేడేళ్లు మిలట్రీలో చేసినవాడివి ఇన్నాళ్లూ చూడలేదా అంటారేమో, నేను 2011లో హవల్దారుగా దిగిపోయాను, దాన్ని తెరిచింది 2019 ఫిబ్రవరి 25న. మా సర్వీసులో స్మారకమంటే ఇండియా గేటే. దాని మీదున్న పేర్లు మొదటి ప్రపంచ యుద్ధంలోనూ అఫ్గాన్ యుద్ధంలోనూ ఇంగ్లీషువాళ్ల తరఫున పోయినవాళ్లవి. 1972 నుంచి అమర్ జవాన్ జ్యోతి అక్కడే వెలిగింది గానీ మావాళ్ల పేర్లు మాత్రం లేవు.

ఇక్కడ త్యాగ చక్రమని గుండ్రంగా గోడలున్నాయి, 25 వేలకు పైగా పేర్లు. నేను వెళ్లింది ఒక్కడి కోసం.

మావాడిది తెనాలి దగ్గర పల్లె. గుంటూరు భర్తీలో ఇద్దరం ఒకే బ్యాచ్‌లో పరిగెత్తాం, ఫిరంగుల ట్రైనింగ్ ఇచ్చే నాసిక్ రోడ్ క్యాంపులో పక్కపక్క మంచాలు, ఇంటి నుంచి ఎవరికి ఆవకాయ వచ్చినా ఇద్దరిదీ. అక్కడ మమ్మల్ని పేరు పెట్టి పిలిచినవాడు లేడు, దక్షిణాదివాడైతే చాలు ‘మద్రాసీ’యే. 1999 కార్గిల్ యుద్ధంలో ద్రాస్ వైపు ఫిరంగి దగ్గర ఉండగా అవతలి షెల్లు పడి పోయాడు. ఆ మద్రాసీ పేరు గోడ మీద పొల్లు పోకుండా ఉంది. కాసేపు అక్కడే నిలబడ్డాను, వెనక ఎవరో సెల్ఫీకి అడ్డం తప్పుకోమన్నారు, తప్పుకున్నాను.

ఇప్పుడు గుంటూరు బ్రాడీపేటలో ఒక బ్యాంకు గేటు దగ్గర గార్డుని. పొద్దున గ్రౌండులో 1,600 మీటర్ల పరుగు ప్రాక్టీసు చేసే కుర్రాళ్లు ‘అంకుల్, ఆర్మీ మంచి ఉద్యోగమేనా’ అని అడుగుతారు. మా రోజుల్లో పదిహేనేళ్లు చేస్తే పెన్షన్, ఇప్పుడు అగ్నివీరులకు నాలుగేళ్లు, ఆ తర్వాత పాతిక శాతం మందినే ఉంచుకుంటారు. ఆ లెక్క చెప్తాను, వెళ్లొద్దని మాత్రం చెప్పను. మా ఇల్లు కట్టింది ఆ జీతమే. అలాగని ముప్ఫై ఏడేళ్లకి మళ్లీ బయోడేటా పట్టుకుని తిరగడం ఎంత టెన్షనో వాళ్లకి ఇప్పుడే తెలియాలి. ఫిరంగి గురి చూడ్డం వచ్చని చెప్తే బయట ఉద్యోగం ఎవరిస్తారు?

ఢిల్లీ నుంచి రాగానే మావాడి ఊరెళ్లాను. సెంటర్లో వాడి విగ్రహం ఉంది, ఆగస్టు పదిహేనుకీ జనవరి ఇరవయ్యారుకీ దండ పడుతుంది. దానికి ఇంత లావు మీసం. వాడికి మీసం సరిగ్గా మొలవనే లేదు, బ్యారక్‌లో అందరం ఏడిపించేవాళ్లం. మిలట్రీ అంటే మీసం ఉండాలనుకున్నాడు కాబోలు శిల్పి. ఒకసారి వాళ్లమ్మతో అన్నాను, ‘అమ్మా, చెప్పి తీయించేద్దామా’ అని. ‘ఎందుకులే నాయనా, ఉంటే ఈపాటికి పెంచేవాడేగా’ అంది.

ఫోన్లో గోడ ఫొటో చూపించాను. అక్షరాలు తెలుగు కావు, ఆవిడకి తెలుగైనా చదవడం రాదు. ‘ఏదిరా వాడిది?’ అంది. వేలు పట్టుకుని పేరు మీద పెట్టాను, ఫొటో జరిగిపోయింది. మళ్లీ వెనక్కి తెచ్చి పెట్టాను.