2^1277 − 1: బీ1 26 కోట్లకు పెంచినా చిక్కని కారణాంకం

ఎలిప్టిక్ కర్వ్ పద్ధతి (ఈసీఎం)తో ఈ సంఖ్యకు కారణాంకం వెతికే నా తాజా విడత ముగిసింది, లాగ్ ఫైలులో ఈసారి కూడా ఏమీ లేదు. ఇందులో ఒక్కో కర్వ్ ఒక్కో ప్రయత్నం, ప్రతి కర్వ్‌కూ స్టేజ్ 1, స్టేజ్ 2 అని రెండు అంచెలుంటాయి, బీ1 అనేది స్టేజ్ 1కి పెట్టే హద్దు. ప్రధాన సంఖ్య ఘాతాంకంగా ఉన్న సంయుక్త (ప్రధానం కాని) మెర్సెన్ సంఖ్యలలో (2 ఘాతం నుంచి 1 తీసివేస్తే వచ్చేవి), ఒక్క కారణాంకమైనా తెలియనివాటిలో అతి చిన్నది 2^1277 − 1. దీనికి 385 అంకెలున్నాయి. 2601తో మొదలై 271తో ముగుస్తుంది. దీని పక్కనున్న 2^1279 − 1 ప్రధాన సంఖ్య అని 1952లోనే గణితవేత్త రాబిన్సన్, స్వాక్ అనే తొలితరం కంప్యూటర్ మీద తేల్చారు. 2^1277 − 1 విషయంలో మాత్రం, మెర్సెన్ సంఖ్య ప్రధానమో కాదో తేల్చే లూకాస్-లెమర్ పరీక్ష ‘ప్రధాన సంఖ్య కాదు’ అని చెప్పి ఊరుకుంటుంది, ఎందుకు కాదో చెప్పదు.

దీనికి ఏ ప్రధాన కారణాంకం ఉన్నా అది 2554 యొక్క గుణిజం కంటే 1 ఎక్కువగా ఉండాలి, 8తో భాగిస్తే శేషం 1 లేదా 7 రావాలి. అంటే 2554ను గుణించే సంఖ్యను 4తో భాగించినప్పుడు శేషం 0 లేదా 3 మాత్రమే కావాలి. జల్లెడ పట్టవలసిన సంఖ్యలు సగానికి తగ్గినా, వెతకవలసింది 60 అంకెలకు పైబడిన చోట కాబట్టి ఆ సగం వల్ల ఒరిగేది లేదు.

సరంజామా సరిగా ఉందో లేదో చూడడానికి పదవ ఫెర్మా సంఖ్యను (2^1024 + 1) ఇచ్చాను. 1995లో బ్రెంట్ కనుగొన్న 40 అంకెల కారణాంకం బీ1 30 లక్షల వద్దే బయటపడింది.

అసలు చిక్కు స్టేజ్ 2లో ఉంది. మెర్సెన్ సంఖ్యలకు స్టేజ్ 1ని ప్రైమ్95 అనే ప్రోగ్రాముతోనే చేయాలన్నది నా గట్టి అభిప్రాయం. బీ1 26 కోట్లకు ఒక కర్వ్ నా యంత్రంలో సుమారు 12 నిమిషాలు పడుతుంటే, జీఎంపీ-ఈసీఎం అనే మరో ప్రోగ్రాము అదే పనికి రెట్టింపుకు పైగా తీసుకుంటోంది. ప్రైమ్95లో స్టేజ్ 1 చివర మిగిలే సంఖ్యను జీఎంపీ-ఈసీఎంకు అందిస్తే, అది స్టేజ్ 2ను దాదాపు 3.18 లక్షల కోట్ల వరకు 9 నిమిషాల్లో ముగిస్తుంది, కానీ ఒక్క ప్రాసెస్‌కే దాదాపు 5 జీబీ మెమరీ కావాలి. 16 జీబీలో నాలుగు కోర్లనూ ఒకేసారి నడపాలంటే ఒక్కొక్కదానికి 3 జీబీ హద్దు పెట్టక తప్పలేదు. హద్దు పెట్టగానే పరిధి తగ్గలేదు గానీ పనిని విడగొట్టే బ్లాకుల సంఖ్య పెరిగి, సమయం 17 నిమిషాలకు ఎగబాకింది. బ్లాకులు పెరగడం ఒక్కటే దీనికి కారణమని నేను అనుకోవడం లేదు. అదే హద్దుతో ఒక్క ప్రాసెస్‌నే నడిపితే 13 నిమిషాలే పట్టింది కాబట్టి, మిగిలిన నాలుగు నిమిషాలు రెండు చానెళ్ల మెమరీ కోసం కోర్లు పోటీపడడం వల్ల పోతున్నాయని నా అనుమానం. ఫలితంగా స్టేజ్ 1లో ప్రైమ్95 మిగిల్చిన సమయంలో సగం దాకా స్టేజ్ 2 మింగేస్తోంది.

60 అంకెల కారణాంకానికి ఈ బీ1 వద్ద సుమారు 42 వేల కర్వ్‌లు కావాలి, అందులో నా వాటా పిసరంత. అన్నీ పూర్తయినా, ఆ పరిమాణంలో కారణాంకం ఉండి కూడా తప్పించుకునే అవకాశం 37 శాతం ఉంటుంది. 60కీ 65 అంకెలకూ మధ్య అసలు కారణాంకమే ఉండే అవకాశం, స్థూల అంచనాలో, పదమూడింట ఒకటి మాత్రమే. ఎందరో ఏళ్ల తరబడి కర్వ్‌లు నడిపిన సంఖ్య కనుక, నిజానికి అది ఇంకా తక్కువే. పి−1 అనే మరో కారణాంక పద్ధతిని మళ్లీ నడపమని సలహా ఇచ్చేవారున్నారు గానీ, అవే హద్దులతో ఎన్నిసార్లు నడిపినా అది అదే జవాబు ఇస్తుంది. ప్రతి కర్వ్‌కూ కొత్త గ్రూపును పరీక్షించే ఎలిప్టిక్ పద్ధతితో దానికి పోలిక లేదు.

ముందుగా, రెండు కోర్లలో స్టేజ్ 1, ఒకదానిలో పూర్తి మెమరీతో స్టేజ్ 2 నడిచే ఏర్పాటు చేసి చూస్తాను. ఆ తర్వాత, కారణాంకాలు కనుగొనే సంఖ్యా క్షేత్ర జల్లెడ పద్ధతిని నడిపే ప్రోగ్రాము కాడో-ఎన్‌ఎఫ్‌ఎస్ నేర్చుకోవాలని ఉంది. 2^213ను ఆరవ ఘాతానికి పెంచి 2 తీసివేస్తే మన సంఖ్యకు సరిగ్గా రెట్టింపు వస్తుంది కాబట్టి, ప్రత్యేక సంఖ్యా క్షేత్ర జల్లెడకు ఆరవ డిగ్రీ బహుపది సిద్ధంగా ఉన్నట్టే. 320 అంకెల 2^1061 − 1ను 2012లో చైల్డర్స్ ఈ జల్లెడతోనే 143, 177 అంకెల రెండు ప్రధాన సంఖ్యలుగా విడగొట్టారు. 385 అంకెలు ఇంటి యంత్రానికి అందవు గనుక, 180 అంకెల లోపు సంఖ్య ఒకటి ఎంచుకుని, అదే తరహా బహుపదితో మొదలుపెడతాను.