కొక్కెం ముందు నీళ్లకి తాకాలి

మన బడి బ్యాచ్ సమ్మేళనం సంచికకి, గోదావరి లంక నుంచి వచ్చే మన లంకోడి గురించి నువ్వే రాయాలని కమిటీ వాళ్లు మూడుసార్లు ఫోన్ చేశారు. మన బ్యాచ్‌లో నేవీకి వెళ్లింది మేమిద్దరమేగా. బడిలో ఉన్నప్పటి ఆ జీడిమామిడి కేసు మాత్రం ఎవరూ రాయకండి, వాళ్లమ్మగారు సంచిక చదివించుకుంటారు.

డ్రిల్లు మాస్టారు లాకుల కింద ఈత నేర్పుతూ చెప్పినవి రెండే. ప్రవాహానికి ఎదురీదొద్దు, ఏటవాలుగా గట్టుకి కొట్టు. మునిగితే ముందు ఏదోటి పట్టుకో, కంగారు తర్వాత పడొచ్చు. మనం నవ్వాం. లంకోడు నవ్వలేదు. 1986 ఆగస్టు వరద వాళ్లింటి చూరుదాకా వచ్చి వెళ్లింది మరి.

నేవీలో వాడిది హెలికాప్టర్‌లో పని. హెలికాప్టర్ నీళ్లలో పడితే దాదాపు ప్రతిసారీ తిరగబడుతుంది. ఇంజన్, గేర్‌బాక్స్, రెక్కలు, బరువంతా నెత్తి మీదే. లోపలున్నవాడు ఒక చేత్తో కిటికీ అంచు పట్టుకుని, సుడి ఆగాకే బెల్టు విప్పాలి. ముందే విప్పితే ఏది పైనో ఏది కిందో తెలీదు. లైఫ్ జాకెట్ లోపల ఊదితే అదే మనిషిని, తిరగబడి పైకొచ్చిన అడుగుభాగానికి ఎత్తి నొక్కేస్తుంది, బయటికొచ్చాకే ఊదాలి. శిక్షణలో ఇవి విని “మా మాస్టారు ఎప్పుడో చెప్పారండి” అన్నాడట.

వాడితో పనిచేసినవాళ్లు విశాఖలో కలిసినప్పుడు అందరూ వాడి ఎడమ చేతి గురించే మాట్లాడారు. తలుపు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, తోలు గ్లవ్ వేసుకున్న ఆ చేతిలోంచి వించి తీగ, అంటే మనుషుల్ని కిందికి దించి పైకి లాగే యంత్రం తీగ, జారనిచ్చేవాడు. ఒక్క పోగు తెగినా గ్లవ్‌కి గీసుకుంటుంది, అప్పుడే ఆపాలి. తీగ ఊగితే ఊపుకి ఎదురు నెట్టాలి, గుండ్రంగా తిరిగితే చెయ్యీ ఎదురు గుండ్రంగా తిప్పాలి. పైలట్‌కి కింద మనిషి కనపడడు, వీడి నోరే ఆయన కళ్లు. వాడు ఎక్కే చిన్న హెలికాప్టర్ చేతక్, దాని వించి మోసేది 175 కిలోలు, అంటే తడిసిన మనుషులు ఇద్దరు, అంతే.

ఓడ డెక్కు మీద కొత్త కుర్రాళ్లు తీగ చివరి కొక్కెం అందుకోబోతే పైనుంచే చెయ్యి అడ్డంగా ఊపేవాడట. రెక్కలు తిరుగుతుంటే హెలికాప్టర్‌కి కరెంటు పడుతుంది, కొక్కెం ముందు నీళ్లకో ఇనుముకో తాకాలి, లేదంటే పట్టుకున్నవాడు ఎగిరిపడతాడు. అలాగని దాన్ని ఓడకి కట్టేయనూ కూడదు. చంకల కింద పట్టీ వేసుకుని పైకొచ్చేవాడు చేతులు పైకెత్తితే జారిపోతాడు. ఇవన్నీ దిగాక ఒక్కొక్కడికీ విడివిడిగా చెప్పేవాడు, అచ్చం డ్రిల్లు మాస్టారిలాగే, తల వంచి, గొంతు తగ్గించి.

మనిషి క్షేమంగా లోపలికొస్తే ఇంటర్‌కామ్‌లో “ఆయ్” అనేవాడు. మలయాళీ పైలట్లకీ అది అలవాటైపోయిందట.

ఒక రాత్రి వాడెక్కిన హెలికాప్టర్ తిరిగి రాలేదు. దిగాక చక్రాలకి అడ్డం పెట్టే దిమ్మలు, కట్టే గొలుసులు తెల్లారేదాకా డెక్కు మీదే పరిచి ఉంచారు, తియ్యమని ఎవరూ అనలేదు. నేనూ పదిహేనేళ్లు ఆ గొలుసులు కట్టినవాణ్ణే.

వాడి గ్లవ్ ఒకటి లాకర్‌లో దొరికితే తోటివాళ్లిద్దరు లంకకి తెచ్చారు. బొటనవేలు దగ్గర వాడే కుట్టుకున్న అతుకు, అరచేతి మధ్య తీగ కోసిన నల్లటి గీత. సమ్మేళనానికి వచ్చేవాళ్లు అమ్మగారిని చూడదలిస్తే పొద్దున్నే బయల్దేరండి, సాయంత్రం ఏరు దాటించే పంటు తొందరగా ఆపేస్తున్నారు.