తొండవాడ ఇసుక నుంచి తీర్థన్ నీళ్లకు

తొండవాడ దగ్గర స్వర్ణముఖి ఎండిన ఏట్లో నిలబడి దారం విసురుతుంటే, గేదెలు తోలుకెళుతున్న ఒక పెద్దాయన ఆగి చూశాడు. "ఇసుకలో ఏం చేప పడుతుంది నాయనా?" అన్నాడు. ఫ్లై ఫిషింగ్ సంగతి ఆయనకు చెప్పడం కష్టమే. ఇందులో వానపాము ఉండదు, బెండు ఉండదు. కొక్కేనికి ఈకలూ దారమూ చుట్టి చేసిన దోమంత నకిలీ పురుగు ఉంటుంది, దాన్నే ఫ్లై అంటారు. దానికి బరువు లేదు కనుక లావుపాటి దారాన్నే విసరాలి. అది వెనక్కి పూర్తిగా చాచుకున్నాకే ముందుకు తేవాలి. ఈ సాధనకు ఇసుక చాలు.

హిమాచల్ ప్రదేశ్ కుల్లూ జిల్లాలోని తీర్థన్ నదిలో ట్రౌట్ అనే చల్లనీటి చేపను పట్టాలని బయల్దేరాను. తోడు వచ్చింది మా బావ. గోవిందరాజస్వామి గుడి దగ్గర ఆయనకు పటాల దుకాణం ఉంది. బ్రహ్మోత్సవాలు ముగిసేదాకా కదలనన్నాడు. దాంతో సరిగ్గా కుల్లూ దసరా రద్దీలో పడ్డాం. అది విజయదశమి నాడు మొదలై వారం సాగుతుంది, లోయలోని ఊరూరి దేవతలూ పల్లకీల్లో అక్కడికి తరలివస్తారు. తిరుపతి నుంచి సంపర్క్ క్రాంతిలో ఢిల్లీ, అక్కడి నుంచి మనాలీ బస్సు, ఔట్ దగ్గర దిగి జీపులో బంజార్ మీదుగా గుషైనీ. బస్సు ప్రయాణం గురించి చెప్పకపోవడమే మర్యాద.

కావ్యాల్లో శరత్తు అంటే నదులు తేటపడే కాలం. మన చిత్తూరు వైపు ఆ మాట చెల్లదు. మనకు ఈశాన్య రుతుపవనాలు వచ్చేదే అక్టోబరులో, ఏరు ఎర్రగా పారేదీ అప్పుడే. కొత్తనీరు రాగానే చేపలు ఎదురెక్కుతాయి, ఊరంతా గాలాలు పట్టుకుని గట్టున చేరుతుంది. తీర్థన్ దగ్గర అంతా తారుమారు. వానలు సెప్టెంబరు చివరికల్లా వెనుదిరుగుతాయి, పైన మంచు కరగడం తగ్గుతుంది, నీరు దిగి అద్దమవుతుంది. నడుం లోతులో గులకరాళ్లు లెక్కపెట్టవచ్చు. చూడటానికి ఎంతో బాగుంటుంది, చేప పట్టడానికి మాత్రం అంత కష్టం. మనం రాళ్లను ఎంత స్పష్టంగా చూస్తామో ట్రౌట్ మనల్ని అంత స్పష్టంగా చూస్తుంది. ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టి నిలుస్తుంది కాబట్టి దిగువ నుంచి, వంగి, నీడ నీళ్ల మీద పడకుండా వెళ్లాలి. పురుగుకు ముందుండే నైలాన్ దారం సన్నగా, పొడవుగా ఉండాలి.

మత్స్యశాఖ లైసెన్సు తీసుకుని తెల్లవారకముందే నీళ్లలో దిగాలని నా ఆరాటం. మాకు దారి చూపే అతను నవ్వి, టీ తాగమన్నాడు. ఎండాకాలంలో ఉదయం, సాయంత్రం మేలు. ఈ కాలంలో రాత్రి చలికి నీరు బిగుసుకుపోయి ఉంటుంది, ఎండ లోయలోకి దిగి పురుగులు కదిలేదాకా చేప నోరు తెరవదు. పది దాటాక అతను ఒక రాయి ఎత్తి అడుగు భాగం చూపించాడు. చదునైన చిన్న పురుగులు, తోకలు చాచుకుని, తడి ఆరేలోపే పక్కకు జారుకుంటున్నాయి. పక్కనే ఇసుకరేణువులు అంటించి కట్టుకున్న గొట్టంలో మరొకటి. వాటిని చూశాకే పెట్టె తెరిచి, ఆ రంగుకు దగ్గరగా ఉన్న ఫ్లైని ఏరాడు.

మధ్యాహ్నానికి ఒక పెద్ద బండ వెనుక, వేగం నీరు నెమ్మది నీటిని రాసుకుంటూ పోయే గీత మీద, దారం ఒక్క క్షణం ఆగింది. బ్రౌన్ ట్రౌట్. పసుపు పొట్ట, ఎర్రచుక్కల చుట్టూ పాలిపోయిన వలయాలు. ఐరోపా చేప ఇది. 1909లో బ్రిటిషువాళ్లు కుల్లూ లోయలోకి తెచ్చారు. నీరు ఇరవై డిగ్రీలు దాటితే దానికి ఇబ్బంది, వేడెక్కే కొద్దీ నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది మరి. తలకోన ఎంత చల్లగా అనిపించినా ఇది అక్కడ బతకదు.

"పులుసుకు చాలుతుంది బావా," అన్నాడు మా బావ గట్టు మీద నుంచి. చేతులు తడిపి, చేపను నీళ్లలోనే ఉంచి, కొక్కెం తీసి వదిలేశాను. ఇంత దూరం వచ్చి వదిలేయడమేమిటని ఆయన సాయంత్రం దాకా సణిగాడు. కానీ బ్రౌన్ ట్రౌట్ గుడ్లు పెట్టేది ఈ చలి మొదలయ్యాకే. ఆడచేప తోకతో గులకరాళ్లు తిరగేసి గుంట చేసుకుంటుంది. నాచు పోయి తెల్లగా కనిపించే అలాంటి చోట కాలు పెట్టకూడదని దారి చూపే అతను ముందే హెచ్చరించాడు. ఒక్క అడుగుతో గుడ్లన్నీ నలిగిపోతాయి.

రాత్రి బస చేసిన చోట చెరువుల్లో పెంచిన రెయిన్‌బో ట్రౌట్ వేయించి పెట్టారు. బావ ముళ్లు ఏరుతూ, రుచి సరే గానీ పులుపేదని అడిగాడు. నవంబరు మొదలు ఫిబ్రవరి చివరిదాకా అక్కడ ట్రౌట్ వేటకు సెలవు. మార్చిలో మళ్లీ వద్దామన్నాను. ఆ నెలలో దుకాణం తమ్ముడికి అప్పగిస్తానని, పొట్లం కట్టి చింతపండు తానే తెస్తానని అక్కడికక్కడే తేల్చేశాడు.