సీజీఎల్ ఇంగ్లీష్: నిర్వచనాలతో పదాలు నేర్చుకున్న నా అనుభవం

మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి దగ్గర పల్లెటూరు. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. నాలాంటి వాళ్లు చాలామంది లెక్కలు, రీజనింగ్ ఎట్టాగో లాగేస్తారు, ఇంగ్లీష్ దగ్గరికొచ్చేసరికి ఆగిపోతారు. రెండో అటెంప్ట్‌లో నాకు సీజీఎల్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకి స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే డిగ్రీ స్థాయి పరీక్ష) వచ్చింది. మొదటిసారి ఎక్కడ పోయిందో చెప్తే మీకు ఒక సంవత్సరం కలిసొస్తుందని రాస్తున్నా.

అప్పుడు నెల్లూరులో రూమ్ తీసుకుని, ఎవరో ఇచ్చిన పీడీఎఫ్‌లోని పదాలు రోజుకి యాభై చొప్పున బట్టీ పట్టాను. ప్రతి పదానికీ ఎదురుగా ఒక్క తెలుగు మాట. ఫ్రూగల్ అంటే పిసినారి, నోటోరియస్ అంటే ప్రసిద్ధి చెందిన. మొదటి దశ, అంటే టైర్ 1 మాక్ టెస్టు ఒకదాంట్లో ఫ్రూగల్‌కి సమానార్థకం అడిగారు. ఆప్షన్లలో మైజర్లీ, ఎకనామికల్ రెండూ ఉన్నాయి. పిసినారి అని కంఠతా వచ్చు కదా, మైజర్లీ పెట్టేశా. రెండు మార్కులు పోయి, పైన అర మార్కు కోత.

ఆ రాత్రి డిక్షనరీ తీసి నిర్వచనం చదివాను. డబ్బైనా తిండైనా అవసరమైనంత మేరకే వాడే మనిషి ఫ్రూగల్. అంటే మా అమ్మ. చేతిలో ఉండి కూడా ఖర్చు పెట్టడానికి మనసు రానివాడు మైజర్లీ. పొదుపరికి పిసినారి అని పేరు పెట్టి ఇన్నాళ్లూ చదివానా అని నిజంగా బాధేసింది. నోటోరియస్ కూడా అంతే, చెడ్డ పనికి పేరు పడ్డవాడని అందులో స్పష్టంగా ఉంది.

వన్ వర్డ్ సబ్‌స్టిట్యూషన్ ప్రశ్న చూడండి. నిర్వచనం ఇచ్చి పదం అడుగుతారు. మనమేమో పదం నుంచి అర్థానికి చదువుతాం. అందుకే నోట్సు తిప్పి రాశాను: ఎడమ పక్క నిర్వచనం, కుడి పక్క పదం. కుడి పక్క అట్టముక్కతో మూసి, నిర్వచనం చదివి పదం పైకి చెప్పాలి. రెండో దశ టైర్ 2లో ఇంగ్లీష్‌కి 45 ప్రశ్నలు, 135 మార్కులు. తప్పుకి ఒక మార్కు పోతుంది. దగ్గరదగ్గర అర్థాలున్న పదాల మధ్య తేడా తెలియకపోతే అక్కడ చాలా నష్టం.

నిర్వచనమే ఇంగ్లీష్‌లో ఉంటే ఎట్టా అర్థమవుతుందని భయపడొద్దు. లాంగ్‌మన్ లెర్నర్స్ డిక్షనరీలో నిర్వచనాలన్నీ సుమారు 2000 తేలిక మాటలతోనే రాస్తారు. ఆ మాటలు వస్తే చాలు.

సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు జరిగింది ఇంకోటి. మాకు గొర్రెలున్నాయి, ఎక్కువ నెల్లూరు జాతిలో జోడిపి రకానివే. సాయంత్రం దొడ్డి దగ్గర నాయన ఒక గొర్రెను ఏరి పక్కన కట్టేస్తున్నాడు. "దీనికి గాళ్లు పడ్డాయబ్బయా, మందలో ఉంచితే అన్నిటికీ అంటుద్ది" అన్నాడు. గాళ్లంటే గాలికుంటు జబ్బు. నా చేతిలో నోట్సు, అందులో సెగ్రిగేట్. లాటిన్‌లో గ్రెక్స్ అంటే మంద. మందలోంచి వేరు చేస్తే సెగ్రిగేట్, ఒకచోట గుమిగూడితే కాంగ్రిగేట్, మందకి కలిపితే అగ్రిగేట్, మందగా బతకడం ఇష్టమైతే గ్రెగేరియస్. ఎగ్రీజియస్ అంటే మంద నుంచి విడిగా కనబడేది. ఒకప్పుడు గొప్పగా ఉన్నదాన్ని అనేవాళ్లు, ఇప్పుడు కళ్లకు కొట్టొచ్చేంత ఘోరమైన తప్పుని అంటారు. ఆ ఐదు పదాలూ మళ్లీ తిరిగి చూడాల్సిన పని పడలేదు.

పురుగుమందుల కొట్టుకెళ్తే డబ్బాల మీదే దొరుకుతాయి: ఇన్సెక్టిసైడ్, ఫంగిసైడ్, హెర్బిసైడ్. సైడ్ అంటే చంపడం. అది పట్టుకుంటే రెజిసైడ్ రాజుని చంపడం, ఫ్రాట్రిసైడ్ తోడబుట్టినవాణ్ణి చంపడం అని చకచకా వచ్చేస్తాయి. మన పొగాకు వేలం కూడా అంతే. ఆక్షన్, ఆగ్మెంట్ రెండూ పెరగడం అనే లాటిన్ మాట నుంచే వచ్చాయి. పాట పెరిగేది ఆక్షన్.

రోజుకి పది పదాలు మించొద్దు. నిర్వచనం చదివాక మీ ఇంట్లోవాళ్లతోనో మీ ఊళ్లోవాళ్లతోనో ఒక వాక్యం రాయండి. ఆదివారం కొత్తవి పెట్టుకోకుండా, ఆ వారం అరవై పదాలూ అట్టముక్క పెట్టి చూసుకోండి. నోటికి రాని పదాల పక్కన చుక్క పెట్టండి. నేను పరీక్షకి ముందురోజు రాత్రి చుక్కలున్నవి మాత్రమే చూసుకుని పడుకున్నా.