చెన్నై ఎయిర్‌పోర్టుకు ఏ బండి? మా మోకాళ్లు, మా పెట్టెలు చూసుకుని తేల్చుకున్నాం

మా అమ్మాయి హైదరాబాదులో ఉంటుంది, మేం చెన్నైలో, పాత చాకలిపేట (ఓల్డ్ వాషర్‌మన్‌పేట) దగ్గర. రాత్రి రైలు ప్రయాణం ఒంటికి పడక విమానానికి మారాం. విమానంలో కూర్చునేది గంటా గంటంపావు. ప్రయాసంతా ఇంటి గుమ్మం నుంచి ఎయిర్‌పోర్టు దాకా, మళ్లీ అక్కడి నుంచి ఇంటి దాకా. మా ఆయనకు డెబ్బై దాటాయి. ఒక మోకాలు మార్పించుకున్నారు, రెండోది సతాయిస్తోంది. నాకు బీపీ, పొద్దున్నే నీళ్ల మాత్ర (మూత్రం ఎక్కువగా పోయేలా చేసేది) వేసుకోవాలి. ఆ మాత్ర వేసుకున్నాక ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే పడే అవస్థ వేసుకునేవాళ్లకే తెలుసు.

"ఎందుకమ్మా టెన్షన్, క్యాబ్ బుక్ చేసేస్తాంలే" అంటారు పిల్లలు. వాళ్లు చూసేది డబ్బు, టైము. నేను చూసుకున్నవి వేరు. మెట్లు ఎన్ని ఎక్కాలి, పెట్టె ఎన్నిసార్లు ఎత్తాలి, ఎంతసేపు నిలబడాలి, మధ్యలో బాత్రూం ఉందా.

బీచ్ స్టేషన్ నుంచి తాంబరం వైపు వెళ్లే లోకల్ రైలు తిరుసూలంలో ఆగుతుంది. ఎయిర్‌పోర్టు జీఎస్టీ రోడ్డుకు (గ్రాండ్ సదరన్ ట్రంక్ రోడ్డు) అవతలే. అంత చవకగా ఇంకేదీ తీసుకెళ్లదు. కానీ రైలు ఆగేది కాసేపే, తలుపు దగ్గర తోపులాట, ఆపైన పెట్టెతో రోడ్డు దాటాలి. చేతిసంచితో వెళ్లే కుర్రాళ్లకు బాగుంటుంది గానీ మా వల్ల కాదు.

మెట్రో సంగతి వేరు. 2021 ఫిబ్రవరిలో విమ్కో నగర్ దాకా పొడిగించాక మాకు సర్ త్యాగరాయ కాలేజీ స్టేషన్ దగ్గరైంది. (టి.నగర్‌కు పేరిచ్చిన పిట్టి త్యాగరాయ చెట్టిగారే ఈయన, మన తెలుగాయన. ఆ బోర్డు చూస్తే నాకు ఎప్పుడూ సంతోషమే.) అక్కడ ఎక్కితే ఎక్కడా రైలు మారకుండా ఎయిర్‌పోర్టులో దిగొచ్చు. ఎంత దూరమైనా టికెట్ యాభై రూపాయలు దాటదు.

అయినా మాటల మీద నమ్మి మా ఆయన్ని తీసుకెళ్లదలచుకోలేదు. ఒక మధ్యాహ్నం ఉత్త చేతులతో నేనొక్కదాన్నే వెళ్లి చూసొచ్చాను. అప్పుడే తెలిసింది, స్టేషన్‌కు ఎన్ని గేట్లున్నా రోడ్డు మీద నుంచి లిఫ్ట్ ఉండేది అన్నింటి దగ్గరా కాదని. లిఫ్ట్ లేని గేటు ముందు ఆటో ఆపితే, పెట్టె లాక్కుంటూ రోడ్డు దాటాల్సింది మనమే. లిఫ్ట్ ఉన్న గేటు ఏదో గుర్తు పెట్టుకున్నాను. రెండోది, లోపల సామాను స్కానింగ్ మెషీన్ మీద పెట్టాలి. అందుకని ఒక పెద్ద పెట్టె బదులు, నేను ఎత్తగలిగిన రెండు చిన్న చక్రాల పెట్టెల్లో సర్దాను. ప్లాట్‌ఫాం, రైలు దాదాపు ఒకే ఎత్తులో ఉంటాయి, పెట్టె దొర్లించుకుంటూ ఎక్కేయొచ్చు. పెద్దవాళ్లకు విడిగా సీట్లున్నాయి, స్టేషన్లో బాత్రూం ఉంది. ఎయిర్‌పోర్టు స్టేషన్ నుంచి టెర్మినల్‌కు పైనుంచే దారి. అందులో కదిలే బాట కూడా ఉంది గానీ, చేతికర్ర ఉన్నవాళ్లకు అది దిగేచోట అడుగు తడబడుతుంది. మా ఆయన్ని పక్కనే మామూలుగా నడిపించాలనుకున్నాను.

ఇక విమానం టైము. తెల్లవారుజామున టికెట్ కొంచెం చవకే, కానీ అంత పొద్దున మెట్రో ఉండదు. అందుకే ముందు ఏ బండిలో వెళ్లాలో అనుకుని, దానికి తగ్గ విమానం చూసుకున్నాం. పదకొండు దాటాక బయల్దేరేది తీసుకున్నాం. రైలు ఎక్కిన గంటలోపే ఎయిర్‌పోర్టులో ఉన్నాం.

వీల్‌చైర్ టికెట్ తీసుకున్నప్పుడే అడగాలి, కనీసం 48 గంటల ముందు. "మెట్లు ఎక్కగలరా?" అని అడుగుతారు. మొహమాటపడి "ఆ, నెమ్మదిగా ఎక్కుతారు" అనకండి. విమానం దూరంగా ఆగిందంటే నిచ్చెన మెట్లే దిక్కు. ఎక్కలేరని ముందే చెబితే లిఫ్ట్ ఉన్న బండి తెస్తారు.

తిరుగు ప్రయాణం అంత తేలిక కాదు. రాత్రి దిగాం, ఇద్దరం అలసిపోయి ఉన్నాం, మెట్రో వద్దనుకున్నాం. 2022 డిసెంబర్ నుంచి యాప్ క్యాబులు టెర్మినల్ ముందుకు రావు, మల్టీలెవెల్ పార్కింగ్‌కు వెళ్లి ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అది దూరమే. అక్కడికి బ్యాటరీ బండ్లు తిరుగుతుంటాయి. వీల్‌చైర్ తోసే అబ్బాయిని "నాయనా, మమ్మల్ని ఆ బండి దాకా దిగబెట్టు" అని ముందే అడిగాను. తమిళంలో మొదలుపెడితే తెలుగులో జవాబిచ్చాడు, గూడూరు వాళ్లబ్బాయి. బండి ఎక్కించేదాకా ఉన్నాడు.

సామాను కోసం నిలబడి ఉండగా క్యాబ్ బుక్ చేయకూడదు. డ్రైవరు ముందే వచ్చేసి వరసగా ఫోన్లు చేస్తాడు, ఆ కంగారులో పెద్దవాళ్లు పరుగు తీస్తారు. మేం పార్కింగ్‌కు చేరి, కుర్చీలో కూర్చున్నాకే బుక్ చేశాం. మొదట వచ్చిన కారు డిక్కీలో సగం సీఎన్‌జీ సిలిండరే. పెట్టెలు ఒళ్లో పెట్టుకోమన్నాడు. కొత్త మోకాలి మీద పెట్టె పెట్టుకుని చాకలిపేట దాకా ఎలా వస్తారు? కుదరదని చెప్పి ఇంకో కారు పిలిచాను. ఇప్పుడు డ్రైవరు ఫోన్ ఎత్తగానే మొదటి ప్రశ్న అదే: "డిక్కీ ఖాళీగా ఉందా బాబూ?"

కారు ఎక్కడం కూడా ఒక పద్ధతిలో చేయాలి, ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పింది. ముందు సీటు పూర్తిగా వెనక్కి జరిపిస్తాను. సీటు పల్లంగా ఉంటే దుప్పటి మడిచి వేస్తాను. మా ఆయన సీటుకు వీపు పెట్టి, అది కాలి వెనక తగిలేదాకా వెనక్కి వచ్చి, ఆపరేషన్ కాలు కాస్త ముందుకు చాపి, డాష్‌బోర్డు పట్టుకుని మెల్లగా కూర్చుంటారు. తరవాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుకుంటారు. వెనక హారన్లు కొడితే కొట్టనీ. "తొందరేం లేదండీ, నిదానంగా" అంటాను. డ్రైవర్లు కూడా విసుక్కోరు. చాలామంది వాళ్లే దిగొచ్చి తలుపు పట్టుకుంటారు.

సంక్రాంతికి మళ్లీ వెళ్తున్నాం. ఈసారి తిరుగు విమానం మధ్యాహ్నందే తీసుకున్నాను, వచ్చేటప్పుడు కూడా మెట్రోలోనే రావచ్చని. వీల్‌చైర్ రెండు వైపులా టికెట్‌తోనే అడిగేశాను.