రెండు పాయల తొండం

"కదలకు, కదలకు" అని దానికి చెప్తున్నానో, నాకే చెప్పుకుంటున్నానో తెలీదు. మోకాళ్లు మిద్దె గచ్చు మీద. మాక్రో లెన్స్ కల్యమాకు కొమ్మకు జానెడు దూరంలో.

పొద్దున 6.30కి గూడు చీల్చుకుని బయటికొచ్చింది నిమ్మ సీతాకోకచిలుక. రెక్కలింకా తడిగా, ముడతలు ముడతలుగా ఉన్నాయి. లెన్స్ రంధ్రం చిన్నది చేసి ఎఫ్ 11 పెట్టినా కన్ను దొరికితే మీసం మసకే. కొంచెం గాలి వీస్తే అదీ పోయె.

27వ ఫొటోని స్క్రీన్ మీద పెద్దది చేసి చూస్తే ఒళ్లు జలదరించింది. తొండం ఒకటి కాదు, రెండు! వెంట్రుకల్లాంటి రెండు పాయలు. బయటికి రాగానే అవి విడివిడిగా ఉంటాయని, చుట్టుకుంటూ విప్పుకుంటూ తనే వాటిని ఒక గొట్టంగా అతికించుకుంటుందని చదివాను. ఆ అతుకు కుదరకపోతే తేనె తాగలేదు. కళ్లారా చూడటం ఇదే మొదటిసారి.

అమ్మ చారులోకి ఆకు కోసుకుందామని వచ్చింది. ఫొటో చూపించా. "గొంగళి పురుగులు చెట్టంతా తిన్నయని ఎంత తిట్టిన్రా" అని, కొమ్మ ముట్టకుండానే కిందికి పోయింది.

ఎండ ముదిరాక అది లేచి, నల్లకుంట మిద్దెల మీదుగా విద్యానగర్ వైపు పోయింది. ఎగిరేటప్పుడు ఫొటో తీయలేదు. చూస్తూ ఉండిపోయాను.